ముక్కూ మొహం తెలియని రివ్యూయర్‌కు 300 మాటలు

మైసూరు విశ్వవిద్యాలయంలో సైకాలజీ ఆచార్యులుగా పనిచేసిన ఎం.వి. గోపాలస్వామి గారు 1935లో తన ఇంట్లోనే ఒక చిన్న రేడియో కేంద్రం పెట్టారు. ఆ కేంద్రం పేరు ఆకాశవాణి. తర్వాతి కాలంలో దేశమంతటి ప్రభుత్వ రేడియోకూ అదే పేరు స్థిరపడింది. లండన్‌లో సైకాలజిస్టు స్పియర్‌మన్ దగ్గర పరిశోధన చేసి వచ్చి, మైసూరులో 1924లో సైకాలజీ శాఖను నిలబెట్టిన మనిషి ఆయన. కాబట్టి సైకాలజీ గురించి రేడియోలో నాలుగు మాటలు చెప్పడానికి నేను వేరే సంజాయిషీ ఇవ్వక్కర్లేదనుకుంటాను.

ఇవాళ నేను మాట్లాడుతున్నది ముఖ్యంగా సైకాలజీలో ఎమ్మే, ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లతో, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లతో. వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా వింటే మంచిదే. 'మా అమ్మాయి ఏదో కాన్ఫరెన్స్ అంటూ నెల రోజులుగా నిద్రపోవడం లేదు' అనే తల్లిదండ్రులకు ఆ కాన్ఫరెన్స్ ఏమిటో తెలుస్తుంది.

వృత్తి సంఘాలు ఏటా సదస్సులు పెడతాయి. మన దేశంలో నేషనల్ అకాడమీ ఆఫ్ సైకాలజీ, ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ క్లినికల్ సైకాలజిస్ట్స్ లాంటివి ఉన్నాయి. అమెరికాలో 1892లో మొదలైన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, అంటే ఏపీఏ, ప్రతి ఆగస్టులో మహాసభ జరుపుతుంది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదివే మన తెలుగు పిల్లలకు ఆ పేరు బాగా పరిచయం. ఏ సంఘమైనా పద్ధతి దాదాపు ఒకటే. సదస్సుకు కొన్ని నెలల ముందే ప్రపోజల్స్ పిలుస్తారు. మీరు చేసిన పని ఏమిటో చాలాచోట్ల 250, 300 మాటల్లో చెప్పాలి. ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లు చదివి, దాన్ని ప్రసంగంగా తీసుకోవాలా, పోస్టర్‌గా తీసుకోవాలా, అసలు వద్దా అని తేలుస్తారు.

ఇక్కడ నాకు ఒక విడ్డూరం కనిపిస్తుంది. మనుషులు ఎదుటివాళ్ల పనిని ఎలా తూకం వేస్తారు, సొంత పనికి పట్టే సమయాన్ని ఎలా తప్పుగా లెక్కేస్తారు, పదిమంది ముందు నిలబడితే ఎందుకు వణుకుతారు, ఇవన్నీ సైకాలజీ పరిశోధించిన విషయాలే. పరీక్షల కోసం వాటిని కంఠతా పట్టిన విద్యార్థి, తన ప్రపోజల్ దగ్గరికి వచ్చేసరికి అవేవీ తనకు వర్తించనట్టే కూర్చుంటాడు. తన శాస్త్రాన్ని ముందు తన మీదే ప్రయోగించి చూసుకుంటే సగం ఇబ్బందులు తప్పుతాయి.

రివ్యూయర్‌తోనే మొదలుపెడదాం. 1982లో డగ్లస్ పీటర్స్, స్టీఫెన్ సెసీ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు ఒక కొంటె ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. పేరున్న విభాగాలవాళ్లు రాసి, పేరున్న పత్రికల్లో అప్పటికే అచ్చయిన 12 సైకాలజీ వ్యాసాలు తీసుకున్నారు. రచయితల పేర్లు మార్చారు. విశ్వవిద్యాలయాల పేర్లు తీసేసి, ఎవరూ వినని కల్పిత సంస్థల పేర్లు పెట్టారు. వాటిని అచ్చువేసిన పత్రికలకే తిరిగి పంపారు. ఇది మనం వేసిన వ్యాసమే కదా అని పట్టుకున్నది మూడింటి విషయంలోనే. మిగిలిన తొమ్మిదిలో ఎనిమిదింటిని తిప్పికొట్టారు. చాలావాటికి చెప్పిన కారణం, పరిశోధన పద్ధతిలో తీవ్రమైన లోపాలున్నాయని! రెండు మూడేళ్ల కిందట అదే పత్రికకు ఆ లోపాలు కనబడలేదు మరి.

అంతకు ముందే, 1977లో, మైకేల్ మహోనీ అనే సైకాలజిస్టు ఒకే పద్ధతితో రాసిన వ్యాసాన్ని 75 మంది రివ్యూయర్లకు పంపి చూశాడు. మార్చింది ఫలితాల్నీ, వాటి మీది వ్యాఖ్యానాన్నీ మాత్రమే. ఫలితాలు తాము నమ్మినదానికి అనుకూలంగా ఉన్నప్పుడు పద్ధతి భేషుగ్గా ఉందన్నారు. ఎదురుగా వచ్చినప్పుడు అదే పద్ధతిలో తప్పులు వెతికారు.

ఈ కథలు చెప్పి రివ్యూయర్లందరూ అన్యాయం చేస్తారని నేను అనడం లేదు. ఇలాంటివి బయటపడ్డాకే చాలా సదస్సుల్లో రచయిత పేరు, ఊరు దాచి చదివించే అలవాటు బలపడింది. మీరు గ్రహించాల్సింది వేరే ఉంది. మీ ప్రపోజల్ చదివేది ఒక మనిషి. ఆ మనిషి ముందు ఇంకా ఎన్నో ప్రపోజల్స్ ఉన్నాయి. మీరెవరో తెలియదు. మీ గైడ్‌కు ఎంత పేరుందో తెలియదు. మీరు ఎండలో పడి ఎన్ని కాలేజీలు తిరిగారో అసలే తెలియదు. ఆ 300 మాటలే మీరు.

అయితే మనవాళ్లు ఆ 300 మాటల్ని ఎలా ఖర్చుచేస్తారు? మొదటి 100 మాటలూ 'నేటి ఆధునిక పోటీ ప్రపంచంలో ఒత్తిడి అనేది అన్ని రంగాలకూ విస్తరించింది' అనే ధోరణిలో పోతాయి. ఆ సంగతి రివ్యూయర్‌కు తెలుసు, వాళ్ల ఇంట్లో పిల్లలకూ తెలుసు. తర్వాతి 100 ఒత్తిడికి ముగ్గురు పెద్దలు ఇచ్చిన నిర్వచనాలకు. చివరికి మిగిలిన చోటులో హడావుడిగా, 'ఫలితాలు సదస్సులో చర్చించబడును' అని ముగింపు. శుభలేఖ నిండా బంధువుల పేర్లు వేసి, ముహూర్తం వేయడం మరిచిపోయినట్టు ఉంటుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. గుంటూరులో చదువుతున్న ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని, హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్లల నిద్ర గురించి పనిచేసింది. మన దగ్గర ఇలాంటి పనికి ఒక మూస తయారుగా ఉంది. జెండర్, లోకాలిటీ, మేనేజ్‌మెంట్. అంటే ఆడా మగా, పల్లే పట్నమూ, ప్రభుత్వమూ ప్రైవేటూ. గుంపుల సగటులు పోల్చే మూడు టీ-టెస్టులు, మూడు పట్టికలు, పని పూర్తి. ఆడపిల్లలకు నిద్ర తక్కువ అని తేలుతుంది, లేదా తేడా లేదని తేలుతుంది. ఎందుకు ఉండాలో, ఎందుకు ఉండకూడదో ముందుగా ఎవరూ అడగలేదు కనుక ఏది తేలినా ఒకటే. ఈ మూసకు ఇక సెలవు చెప్పాలని నా గట్టి అభిప్రాయం. దశాబ్దాలుగా మన విభాగాల్లో ఇది ప్రశ్నకు బదులుగా చెలామణీ అవుతోంది.

ఆ అమ్మాయి హాస్టల్‌కు వెళ్లినప్పుడు చూసింది ఏమిటి? తెల్లవారుజామున స్టడీ అవర్‌కు లేపుతున్నారు. రాత్రి స్టడీ అవర్ పూర్తయ్యాక పడుకుంటున్నారు. కొన్ని చోట్ల ఆదివారం ఆ నియమం లేదు. అయితే ఆదివారం ఎక్కువసేపు పడుకోనిచ్చే హాస్టళ్లకూ, పడుకోనివ్వని హాస్టళ్లకూ సోమవారం పిల్లల ఏకాగ్రతలో తేడా ఉందా? ఇది ప్రశ్న. ఆమె కళ్లతో చూసినదాంట్లోంచి పుట్టింది. దీన్ని ప్రపోజల్ మొదటి వాక్యంలోనే పెడితే రివ్యూయర్ కుర్చీలో కాస్త ముందుకు జరుగుతాడు. రెండో వాక్యం నుంచి ఎవరిని, ఎంతమందిని, దేనితో కొలిచిందో చెప్పాలి. ఆ తర్వాత ఏం కనబడిందో అంకెలతో చెప్పాలి. దానికి ఉన్న పరిమితి ఒకటి ఒప్పుకోవాలి. నిర్వచనాలు పుస్తకాల్లో భద్రంగా ఉంటాయి, వాటికేమీ కాదు.

ఎంతమందిని అన్నాను కనుక ఒక లెక్క కూడా చెప్పాలి. 1962లో జేకబ్ కోహెన్ అనే సైకాలజిస్టు ఒక ప్రముఖ సైకాలజీ పత్రికలో వచ్చిన పరిశోధనల్ని వరసగా పరీక్షించాడు. రెండు గుంపుల మధ్య నిజంగానే ఒక మోస్తరు తేడా ఉన్నా, దాన్ని పట్టుకునే అవకాశం ఆ పరిశోధనల్లో సగటున సగం కూడా లేదని చూపించాడు. బొమ్మా బొరుసూ వేసినా అంతే కదా! కారణం, తీసుకున్న మనుషులు చాలక. ఒక మోస్తరు తేడాను నూటికి 80 వంతుల నమ్మకంతో పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది చొప్పున కావాలి. మన దగ్గర 30 మంది అబ్బాయిలు, 30 మంది అమ్మాయిలు అనేది దాదాపు ఆచారమైపోయింది. అరవై ఏళ్ల కిందట కోహెన్ చెప్పిన మాట మన సెమినార్ హాళ్లకు ఇంకా పూర్తిగా చేరలేదు. మీ సంఖ్య ఎలా నిర్ణయించారో ప్రపోజల్‌లో ఒక్క వాక్యం రాయండి. చాలామంది రాయరు కాబట్టి రాసినవాళ్లు వెంటనే కంటికి ఆనుతారు.

తెలుగు రాష్ట్రాల్లో పనిచేసేవాళ్లకు ఇంకో బాధ్యత ఉంది. మనం వాడే ప్రశ్నావళులు చాలావరకు ఇంగ్లీషులో తయారైనవి. తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడి చేతికి ఇంగ్లీషు ప్రశ్నావళి ఇచ్చి, అర్థంకాని చోట నోటితో చెప్పేసి, ఆ వచ్చిన స్కోరును కొలత అనడం న్యాయం కాదు. ఒకరు తెలుగు చేయాలి. మూలం చూడని మరొకరు ఆ తెలుగును తిరిగి ఇంగ్లీషు చేయాలి. రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెట్టి చూడాలి. 1970లో సైకాలజిస్టు రిచర్డ్ బ్రిస్లిన్ దీన్ని వివరంగా రాసినప్పటి నుంచి ఇది మామూలు పద్ధతి. కొన్నిటికి ఆ శ్రమ కూడా అక్కర్లేదు. కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 తెలుగులో ఉచితంగానే దొరుకుతుంది.

పీహెచ్‌క్యూ-9 పేరు ఎత్తాను కనుక ఒక హెచ్చరిక. దానిలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి, తనకు తాను హాని చేసుకునే ఆలోచనల గురించి. పదహారేళ్ల పిల్ల ఆ ప్రశ్నకు 'దాదాపు ప్రతిరోజూ' అని టిక్కు పెట్టిందనుకోండి. మీరేం చేశారు? కాగితాలు కట్ట కట్టుకుని బస్సెక్కారా? మంచి రివ్యూయర్ తప్పకుండా అడిగే ప్రశ్న ఇది, నేనైతే మొదట ఇదే చూస్తాను. ఎవరికి చెప్పాలో, ఎక్కడికి పంపాలో పని మొదలుపెట్టకముందే ఏర్పాటు ఉండాలి. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. ఆ నంబరును ప్రశ్నావళి చివర అచ్చువేయించడానికి అదనపు ఖర్చేమీ లేదు. అలాగే 18 ఏళ్లు నిండని పిల్లలైతే తల్లిదండ్రుల లిఖిత అంగీకారం కావాలి, పిల్లల ఇష్టం కూడా విడిగా అడగాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాలు ఈ మాట స్పష్టంగా చెబుతున్నాయి. ప్రిన్సిపాల్ గారు సరేనన్నారు కదా అంటే సరిపోదు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందని ప్రపోజల్‌లో రాయండి. లేకపోతే ముందు అది తెచ్చుకోండి, కాన్ఫరెన్స్ వచ్చే ఏడాది కూడా ఉంటుంది.

ఇందాక 'ఫలితాలు సదస్సులో చర్చించబడును' అనే వాక్యాన్ని ఎగతాళి చేశాను. దాని వెనకున్న కష్టం నాకు తెలియక కాదు. గడువు ముంచుకొస్తుంది, డేటా ఇంకా సగమే వచ్చి ఉంటుంది, సదస్సు నాటికి అయిపోతుందిలే అనుకుంటారు. ఈ 'అయిపోతుందిలే' మీద కెనడాలో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ అనే సైకాలజిస్టులు 1994లో ఒక పరిశోధన ప్రచురించారు. వాళ్లు తీసుకున్నది ఎవరినో కాదు, థీసిస్ రాస్తున్న సైకాలజీ విద్యార్థుల్నే. ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగితే 49 అన్నారు. నిజంగా పట్టింది 55 పైమాటే. అంటే అన్నీ అడ్డం తిరుగుతాయని ఊహించుకుని చెప్పిన లెక్క కూడా చాలలేదు. వాళ్లు సైకాలజీ చదివేవాళ్లే సుమా. మీరు లెక్కేసుకున్న సమయానికి సగానికి పైగా మళ్లీ కలపండి. అప్పటికీ కుదిరేటట్టుంటేనే పంపండి.

పని పూర్తికాకుండా పంపడం అనేది ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. కొన్ని సదస్సులు జరుగుతున్న పనిని కూడా తీసుకుంటాయి. అలాంటప్పుడు ఎంతవరకు అయిందో ఉన్నదున్నట్టు రాయాలి. ఫలితాలు ఊహించి రాయడం, రాసిన ఊహకు తగ్గట్టు తర్వాత డేటాను వంచడం, అక్కడ మొదలవుతుంది అసలు ప్రమాదం. వచ్చిన ఫలితాన్ని చూసుకుని, ముందు నుంచీ ఇదే ఊహించామని పరికల్పన రాసుకునే అలవాటును 1998లో నార్బర్ట్ కెర్ అనే ఆచార్యుడు వివరంగా ఎండగట్టాడు. 2015లో సైకాలజిస్టు బ్రయన్ నోసెక్ నాయకత్వంలో వందలమంది పరిశోధకులు కలిసి, ముఖ్యమైన పత్రికల్లో వచ్చిన 100 సైకాలజీ పరిశోధనల్ని మళ్లీ చేసి చూశారు. మొదటిసారి నూటికి 97 పరిశోధనలు ఏదో తేడా తేలిందన్నాయి. మళ్లీ చేస్తే అలా తేలినవి 36 శాతమే.

ఈ జబ్బుకు ఒక మందు మనం ఊహించని దిక్కునుంచి, పారాసైకాలజీ నుంచి వచ్చింది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కోనేరు రామకృష్ణారావు గారు నెలకొల్పిన సైకాలజీ, పారాసైకాలజీ శాఖ గురించి చాలామందికి తెలుసు. అమెరికాలో పారాసైకాలజీ పరిశోధకుడు జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన ఆయన తర్వాత ఆ విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. మనసుతో దూరాన ఉన్నది తెలుసుకోవడం, జరగబోయేది ముందే తెలియడం, ఇలాంటివి ఉన్నాయా లేవా అనే ఆ రంగాన్ని మిగతా సైకాలజిస్టులు ఎప్పుడూ అనుమానంగానే చూశారు. నేనూ ఆ అనుమానించేవాళ్లలోనే ఉన్నాను. కానీ అనుమానించేవాళ్లు చుట్టూ ఉండటం వల్లనే ఆ రంగంలోవాళ్లకు కొంత జాగ్రత్త అలవడింది. 1970ల మధ్యలోనే యూరోపియన్ జర్నల్ ఆఫ్ పారాసైకాలజీ అనే పత్రికను నడిపిన మార్టిన్ జాన్సన్ ఒక నియమం పెట్టాడు. పరిశోధన చేయకముందే ప్రణాళిక పంపండి, ప్రశ్న, పద్ధతి బాగుంటే ఫలితం ఏదైనా వేస్తాం అన్నాడు. ప్రధాన స్రవంతి సైకాలజీ ఇదే ఆలోచనను రిజిస్టర్డ్ రిపోర్ట్స్ పేరుతో గట్టిగా అందుకున్నది 2013 ప్రాంతంలో. దాదాపు నలభై ఏళ్లు ఆలస్యం! మీరు కూడా డేటా తీయకముందే మీ ప్రశ్న, పద్ధతి ఇంటర్నెట్‌లో తేదీతో సహా నమోదు చేసుకోవచ్చు. దానికి పైసా అక్కర్లేదు. ఆ సంగతి ప్రపోజల్‌లో ఒక ముక్క రాస్తే మీ నిజాయితీకి వేరే సాక్ష్యం అవసరం లేదు.

'మా గుంటూరు హాస్టల్ పిల్లల గురించి ఢిల్లీలోనో, అమెరికాలోనో ఎవరికి పడుతుంది సార్?' అని అడుగుతుంటారు. పడుతుంది. 2008లో జెఫ్రీ ఆర్నెట్ అనే సైకాలజిస్టు ఏపీఏ ప్రచురించే ఆరు ముఖ్యమైన పత్రికల్ని తిరగేసి లెక్క తీశాడు. పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో నూటికి 96 మంది పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లే, అందులోనూ 68 మంది అమెరికన్లే. మనిషి మనసు గురించి రాసిన శాస్త్రంలో చాలాభాగం నిజానికి కొద్ది దేశాల వాళ్ల మనసు గురించిన శాస్త్రం అని అప్పటి నుంచి అందరికీ కొంచెం సిగ్గు పట్టుకుంది. ఆ సిగ్గు మీకు అవకాశం. అయితే 'ఈ అంశం మీద ఆంధ్రప్రదేశ్‌లో ఇదే మొదటి పరిశోధన' అన్నంత మాత్రాన చాలదు. ఈ పిల్లల్ని చూస్తే నిద్ర గురించి ఇతర చోట్ల తెలియనిది ఏం తెలుస్తుందో చెప్పాలి. రోజంతా ఒకే గోడల మధ్య, గంట మోగితే లేచి, గంట మోగితే పడుకునే వేలాదిమంది పిల్లలు ప్రపంచంలో ఎక్కువ చోట్ల దొరకరు. అదే మీ బలం.

విద్యార్థి చేసిన చిన్న పని ఎంత దూరం పోతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అమెరికాలో మేమీ ఫిప్స్ అనే నల్లజాతి యువతి 1930ల చివర హోవర్డ్ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ థీసిస్ కోసం, బడికి ఇంకా పోని నల్లజాతి పిల్లలకు తమ రంగు సంగతి ఏ వయసులో తెలుస్తుందో చూసింది. తర్వాత భర్త కెనెత్ క్లార్క్‌తో కలిసి ఆ పనినే పెంచుకుంటూ పోయింది. రంగు తప్ప మిగతా అంతా ఒకేలా ఉన్న బొమ్మలు పిల్లల ముందు పెట్టి, మీకు నచ్చింది ఏది, చెడ్డది ఏది అని అడిగారు. ఎక్కువమంది నల్లపిల్లలు తెల్ల బొమ్మనే మంచిదన్నారు. బడుల్లో నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ విడదీయడం రాజ్యాంగ విరుద్ధమని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో 11వ పాదసూచిక అని ఒకటుంది. అందులో మొట్టమొదట ఉన్నది కెనెత్ క్లార్క్ 1950లో పిల్లల సమస్యల మీద వైట్‌హౌస్ జరిపిన సదస్సు కోసం రాసిన నివేదిక. సదస్సు కోసం రాసిన కాగితమే చివరికి అక్కడికి చేరింది! ఆయన తర్వాత ఏపీఏకు మొదటి నల్లజాతి అధ్యక్షుడయ్యాడు. మేమీ పేరు ఆ పాదసూచికలో లేదు. పని మొదలుపెట్టినవాళ్ల పేరు ఎక్కడ జారిపోతుందో కూడా ఈ కథలోనే ఉంది.

మన దగ్గర పేర్లు జారిపోవడం కన్నా పని చేయనివాళ్ల పేర్లు వచ్చి చేరడం ఎక్కువ. దానికి ఒక కారణం సర్టిఫికెట్. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం, పీహెచ్‌డీ విద్యార్థి థీసిస్ ఇచ్చే ముందు ఒక వ్యాసం ప్రచురించి, సదస్సుల్లో రెండు పేపర్లు సమర్పించాల్సి ఉండేది. ఉద్దేశం మంచిదే. జరిగింది మాత్రం, ఆ రెండు సర్టిఫికెట్ల కోసం సదస్సులు, సదస్సుల కోసం సర్టిఫికెట్లు. సంచీ, ప్యాడూ, పెన్నూ, మధ్యాహ్నం భోజనం. ఒకేసారి ఏడెనిమిది గదుల్లో సెషన్లు. గదిలో వినేవాళ్లంటే తర్వాత చదవబోయేవాళ్లే. చైర్‌పర్సన్ గారు గడియారం చూసుకుంటూ 'ఐదు నిమిషాల్లో ముగించమ్మా' అంటారు. ప్రశ్నలకు సమయం ఉండదు. సాయంత్రం రైలుకు సర్టిఫికెట్‌తో ఇంటికి. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో యూజీసీ ఆ తప్పనిసరి షరతు తీసేసింది. కొందరు దీన్ని ప్రమాణాలు దిగజారడం అన్నారు. నా దృష్టిలో ఇది మంచి పనే. ఇప్పుడు పంపేవాళ్లు చెప్పడానికి ఏదో ఉండి పంపుతారు.

అలా సర్టిఫికెట్ల గిరాకీ మీద పుట్టిన దుకాణాలు మాత్రం ఇంకా మూతపడలేదు. మీకు తెలియని మనిషి నుంచి, మీ గొప్ప కృషిని చూసి ముగ్ధులమయ్యామంటూ ఈమెయిల్ వస్తుంది. దుబాయ్‌లోనో బ్యాంకాక్‌లోనో సదస్సు. ఒకే హాలులో సైకాలజీ, సివిల్ ఇంజనీరింగ్, పశువైద్యం. పంపిన మర్నాడే ఆమోదం, ఆ వెంటనే ఫీజు కట్టమని లింకు. ఒక రోజులో చదివి ఆమోదించారంటే చదవలేదని అర్థం. ఏ వృత్తి సంఘం దాని వెనక ఉందో, కిందటి ఏడాది కార్యక్రమ పట్టిక ఏమిటో చూడండి, మీ గైడ్‌ను అడగండి. మీ నాన్నగారి డబ్బు అలాంటివాళ్లకు పోయడానికి కాదు.

ప్రపోజల్ ఒప్పుకున్నారనుకుందాం. విద్యార్థులకు ఎక్కువగా వచ్చేది పోస్టరే. పోస్టర్ అనగానే మొహం చిన్నబుచ్చుకునేవాళ్లను చూశాను. నన్నడిగితే పది నిమిషాల ప్రసంగం కన్నా పోస్టరే మేలు. ఎదురుగా నిలబడి అడిగేవాళ్లు ఉంటారు, సమాధానం చెప్పే తీరిక ఉంటుంది. కానీ థీసిస్ మొత్తాన్ని చిన్న అక్షరాల్లో నాలుగడుగుల ఫ్లెక్సీ మీద ఎక్కిస్తే ఎవరు చదువుతారు? 2019లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో సైకాలజీ పీహెచ్‌డీ చేస్తున్న మైక్ మారిసన్ అనే విద్యార్థి యూట్యూబ్‌లో ఒక వీడియో పెట్టాడు. పోస్టర్ మధ్యలో, దూరం నుంచి కూడా కనబడేలా పెద్ద అక్షరాల్లో, మామూలు మాటల్లో, మీరు కనుక్కున్నది ఒక్క వాక్యం రాయండి, వివరాలు పక్కన చిన్నగా పెట్టండి అన్నాడు. లక్షలమంది చూశారు. సైకాలజీ దాటి ఇతర శాస్త్రాల సదస్సుల్లో కూడా ఆ తరహా పోస్టర్లు కనబడుతున్నాయి. సదస్సుల తీరును మార్చినవాడు ఆచార్యుడు కాడు, విద్యార్థి.

ప్రసంగమే వచ్చిందనుకోండి, గుండె దడ గురించి ఒక మాట. 2003లో కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే సైకాలజిస్టులు చూపించింది ఇది: మాట్లాడేవాడికి తన కంగారు ఎంతగా బయటికి కనబడుతోందనిపిస్తుందో, వినేవాళ్లకు అంతగా కనబడదు. ఇంకా ఆసక్తికరం ఏమంటే, ఈ సంగతి ముందే చెప్పి పంపిన విద్యార్థులు మిగతావాళ్ల కన్నా బాగా మాట్లాడారు. కాబట్టి ఇప్పుడు మీకు చెప్పేశాను, ఆ ప్రయోజనం మీకు దక్కినట్టే. స్లైడ్ మీద ఉన్నదాన్ని చదవకండి. ఎవరైనా ప్రశ్న అడిగితే సంతోషించండి, విన్నారన్నమాట.

తిరస్కరించారనుకోండి, రివ్యూయర్ల వ్యాఖ్యలు రెండు రోజులు పక్కన పెట్టి తర్వాత చదవండి. పీటర్స్, సెసీల 12 వ్యాసాల కథ విన్నారు కదా. అచ్చయిన వ్యాసానికే రెండోసారి చోటు దొరకలేదు. పద్ధతి మీద చెప్పిన మాట నిజమైతే దిద్దుకోండి. కాకపోతే ఇంకో సదస్సు ఉంది.

చివరగా నా తోటి ఉపాధ్యాయులకు, విభాగాధిపతులకు ఒక విన్నపం. విద్యార్థి ప్రపోజల్ పంపే ముందు ఒక గంట కూర్చుని అతనితో కలిసి చదవండి. పని చేయని చోట మీ పేరు రెండో రచయితగా వేయించుకోకండి. సదస్సుకు వెళ్లే వారం ముందు విభాగంలోనే ఒకసారి చెప్పించి, గట్టి ప్రశ్నలు అడగండి. రిజిస్ట్రేషన్ ఫీజు, రైలు టికెట్టు విద్యార్థి జేబులోంచి కాకుండా విభాగం నిధుల్లోంచి వచ్చేలా చూడండి. హాస్టల్ ఫీజుకే అవస్థపడే పిల్లలు మన క్లాసుల్లో ఉన్నారు, మంచి ప్రశ్నలు చాలాసార్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. డబ్బు లేదన్న కారణంతో వాళ్లు గడువు తేదీని వదిలేసే పరిస్థితి రానివ్వకండి.